చిప్పు మీద తూము

కంప్యూటర్ చిప్పు మీద బిగించి నీటితో దాన్ని చల్లబరిచే వాటర్ బ్లాక్‌ను ఇంట్లోనే చేసుకునేవాళ్ళ బల్ల 2001 ప్రాంతంలో అమెరికాలోనైనా, జర్మనీలోనైనా, ఆస్ట్రేలియాలోనైనా దాదాపు ఒకేలా ఉండేది. అరచేతిలో ఇమిడే రాగి దిమ్మ. పక్కన డ్రిల్లింగ్ మెషీన్, ఆకురాయి, టంకం సామాను. చేపల తొట్టెల కోసం అమ్మే చిన్న పంపు. పాత కారు హీటర్‌లోంచి ఊడదీసిన రేడియేటర్. పని మొదలుపెట్టే ముందు ఆ రాగి మీద రెండు గుర్తులు పెట్టాలి. నీళ్ళు ఎక్కడ దిగాలి? ఎక్కడ బయటపడాలి? రంధ్రాలు వేయడం, కోయడం, అతకడం చేతి నేర్పుతో తీరే పనులు. ఆ రెండు గుర్తుల దగ్గర మాత్రం మంచి పనివాళ్ళు కూడా చాలాసేపు ఆగిపోయేవారు.

చెరువు కింద సేద్యం ఎరిగినవాళ్ళకు ఆ తటపటాయింపు ఇట్టే అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్ళున్నా, తూము ఉండాల్సిన చోట లేకపోతే ఆఖరి మడి ఎండుతుంది. కంప్యూటర్లను నీటితో చల్లబరిచే ప్రయత్నానికి అరవై ఏళ్ళు దాటాయి. ఆ కాలంలో పంపులు మారాయి, గొట్టాలు మారాయి, చిప్పులైతే గుర్తుపట్టలేనంతగా మారాయి. అయినా ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూస్తే, మనిషి తలపట్టుకు కూర్చున్నది ఎక్కువగా తూము దగ్గరే.

ముందు వేడి సంగతి. 2001 జూన్‌లో ఏఎండీ విడుదల చేసిన 1.4 గిగాహెర్ట్జ్ అథ్లాన్ గరిష్ఠంగా 72 వాట్ల వేడిని వదిలేది. పాత ఫిలమెంట్ బల్బుకు మించిన వేడి కాదది. అయితే అదంతా పుట్టేది దాదాపు 120 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో, అంటే వేలి గోరంత జాగాలో. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె తన వేడిని సుమారు 200 చదరపు సెంటీమీటర్ల అడుగు మీద పరుస్తుంది. ఒక్కో చదరపు సెంటీమీటరుకు వచ్చేది 5 వాట్లు. అథ్లాన్ దగ్గర ఆ లెక్క 60. పైగా ఆ చిప్పు మీద లోహపు మూత ఉండేది కాదు. పైన బిగించే దిమ్మ కాస్త పక్కకు ఒరిగితే సిలికాన్ మూల విరిగిపోయేది. అదే ఏడాది మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఇంజనీర్ల సదస్సులో ఇంటెల్‌కు చెందిన పాట్ గెల్సింగర్, వేడి ఇదే తీరున పెరుగుతూ పోతే చిప్పులు రాకెట్ నాజిల్‌ను, ఆపైన సూర్యుడి ఉపరితలాన్ని అందుకుంటాయని హెచ్చరించాడు.

ఇంత వేడిని మోయడానికి నీళ్ళెన్ని కావాలి? ఇక్కడే మొదటిసారి లెక్క వేసుకున్నవాళ్ళు ఆశ్చర్యపోతారు. నిమిషానికి ఒక్క లీటరు నీరు పారితే చాలు, 70 వాట్ల వేడిని అది ఒకే ఒక్క డిగ్రీ వేడెక్కి మోసుకుపోతుంది. చేపల తొట్టె పంపు ఆ పనిని అవలీలగా చేస్తుంది. మరి అన్ని నీళ్ళు పారుతున్నా కొన్ని బ్లాకుల కింద చిప్పు ఎందుకు ఉడికిపోయేది?

పంటకాలువలో ఆకు వేసి చూస్తే జవాబు తెలుస్తుంది. నడిమధ్యన వేసిన ఆకు పరుగెత్తుతుంది, గట్టు పక్కన వేసినది నింపాదిగా పోతుంది. గట్టును అంటిన నీరు అసలు కదలదు. జర్మనీకి చెందిన లుడ్‌విగ్ ప్రాంటెల్ 1904లో హైడెల్‌బెర్గ్‌లో గణితవేత్తల అంతర్జాతీయ సభలో చదివిన చిన్న పత్రం ఈ గట్టు పొర గురించే. రాగి కాలువ గోడకూ నడిచే నీటికీ మధ్య ఇలాంటి పలచని మందకొడి పొర ఒకటి ఉంటుంది. వేడి ఆ పొరను దాటాలి. రాగితో పోలిస్తే నీరు వేడిని ఆరువందల రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, వెంట్రుక మందం పొర కూడా పెద్ద అడ్డుగోడే. అదృష్టవశాత్తూ ఆ పొర అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. నీరు కాలువలోకి దిగే చోట అత్యంత పలచగా మొదలై, ముందుకు పోయేకొద్దీ మందమవుతుంది. అంటే నీరు వేడిని బాగా తుడుచుకుపోయేది తూము నోటి దగ్గర. ఈ ఒక్క సంగతి పట్టుబడ్డాక వాటర్ బ్లాక్ రూపం మారిపోయింది. పట్టుబడడానికి మాత్రం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు కొన్నేళ్ళు పట్టింది.

పెద్ద యంత్రాల వాళ్ళు అంతకు చాలా ముందే నీటి దగ్గరికి వచ్చారు. ఐబీఎం 1960ల్లో చేసిన సిస్టమ్/360 మోడల్ 91లోనే నీళ్ళ గొట్టాలున్నాయి. 1980లో ప్రకటించిన 3081లో ఆ సంస్థ చూపిన పనితనం ఈనాటికీ ముచ్చటగొలుపుతుంది. ఒకే పింగాణీ పలక మీద వందకు పైగా చిప్పులు. ఒక్కోదాని వీపు మీద స్ప్రింగుతో ఆనే చిన్న పిస్టన్. సందుల్లో గాలికి బదులు, వేడిని దానికన్నా బాగా మోసే హీలియం. అన్నిటి పైన చల్లని నీరు పారే పలక. ఒక్కో మాడ్యూల్ 300 వాట్ల దాకా వేడిని వదిలించుకోగలిగేది. కానీ చిప్పుకూ నీటికీ మధ్య ఎన్ని మజిలీలు! సిలికాన్ నుంచి పిస్టన్, పిస్టన్ నుంచి హీలియం, అక్కడి నుంచి లోహపు గూడు, ఆ తర్వాత పలక.

ఆ మజిలీలను ఒక్క దెబ్బతో తీసేసినవాళ్ళు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థి డేవిడ్ టకర్‌మన్, ఆయన గురువు ఫేబియన్ పీస్. 1981లో అచ్చయిన వాళ్ళ పత్రం నాలుగు పేజీలకు మించదు. సిలికాన్ వీపులోనే 50 మైక్రాన్ల వెడల్పు, 300 మైక్రాన్ల లోతు ఉన్న కాలువలు చెక్కి నీరు పారించారు. చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు పోసినా, లోపలికి వచ్చే నీటికన్నా చిప్పు 71 డిగ్రీలే ఎక్కువ వేడెక్కింది. అథ్లాన్ వేడికి ఇది పదమూడు రెట్లు. సన్నని కాలువలో గట్టు పొర మందం పెరగడానికి చోటే ఉండదన్నది అందులోని కిటుకు. దానికి చెల్లించిన మూల్యం ఒత్తిడి. ఆ సన్న కాలువల గుండా నీటిని తోయడానికి చదరపు అంగుళానికి 31 పౌండ్ల బలం కావలసి వచ్చింది. అంటే దాదాపు 22 మీటర్ల ఎత్తున ట్యాంకు కట్టి నీళ్ళు వదిలినంత.

జపాన్‌లో ఫుజిత్సు 1980ల మధ్యలో ఇంకో దారి పట్టింది. ఎం-780 అనే పెద్ద యంత్రంలో ఒక్కో చిప్పు మీద ముడతలు సాగే లోహపు గొట్టాన్ని ఆనించి, దాని లోపల నీటి ధారను నిట్టనిలువుగా కొట్టించింది. నీరు పక్కనుంచి జారిపోతే గట్టు పొర మందమవుతుంది, నెత్తి మీద పడితే చిట్లి నలుదిక్కులా పరుచుకుంటూ ఆ పొరను నలగ్గొడుతుంది. సన్న కాలువ ఒకటి, నిలువు ధార ఒకటి. ఈ రెండింటి సంతతే ఆ తర్వాత వచ్చిన మేలైన బ్లాకులన్నీ.

1991లో హార్‌పోల్, ఎనింజర్ అనే ఇద్దరు ఇంజనీర్లు తూము సమస్యను నేరుగా ఎత్తుకున్నారు. టకర్‌మన్ కాలువల్లో నీరు ఒక చివర దిగి రెండో చివర బయటపడేది. అదే నీటిని పైనుంచి, కాలువ పొడవునా అక్కడక్కడా దింపి, మధ్యమధ్యలో పైకి తీసేస్తే? ఒక్క తూము నడిమధ్యన పెట్టినా లాభం ఎంతో చూడండి. నీరు రెండు వైపులా చీలుతుంది. ఒక్కో వైపు పారేది సగం నీరు, పారే దూరం కూడా సగమే. ఇంత సన్న కాలువల్లో నిదానంగా పారే నీటికి ఒత్తిడి నష్టం ఈ రెండింటినీ బట్టి ఉంటుంది కాబట్టి, అది నాలుగో వంతుకు పడిపోతుంది. రైతు మడవ తిప్పి చివరి మడికి నీళ్ళందించినంత సులువైన ఆలోచన.

విచిత్రమేమిటంటే, ఇంత తెలిశాక పెద్ద యంత్రాలు నీటినే వదిలేశాయి. 1990ల మధ్యలో ఐబీఎం పెద్ద కంప్యూటర్లు బైపోలార్ చిప్పుల నుంచి సీమాస్‌కు మారాయి. కొత్త చిప్పులు చల్లగా ఉండేవి, గాలి సరిపోయేది. నీటి విద్య పత్రాల్లోనూ పేటెంట్లలోనూ ఉండిపోయింది. 2008లో పవర్ 575 వచ్చేదాకా ఐబీఎం మళ్ళీ పెద్ద ఎత్తున నీటి జోలికి రాలేదు.

సరిగ్గా ఆ ఖాళీలోనే ఇళ్ళల్లో పని మొదలైంది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ చాలామందికి రుచి చూపించింది. మదర్‌బోర్డులో 66 మెగాహెర్ట్జ్ అన్నచోట 100 అని మారిస్తే, 300 మీద నడవాల్సిన చిప్పు 450 మీద నడిచేది. వేగంతో పాటు వేడీ పెరిగింది, ఫ్యాన్ల రొద భరించలేనంతైంది. ఒక్కసారి ఆ వేగం మరిగినవాడు వెనక్కి తగ్గడు కదా. నీళ్ళ మీదికి చూపు మళ్ళింది.

మొదటి తరం బ్లాకులు నిజానికి డబ్బాలు. రాగి పలకలు అతికిన పెట్టె, ఒక మూల నీళ్ళు దిగే ముక్కు, ఎదుటి మూల పోయే ముక్కు. లోపల నీరు తనకు తేలికైన దారిన ఆ మూల నుంచి ఈ మూలకు పోయేది, చిప్పు పైన ఉన్న నీరు మడుగులా నిలిచిపోయేది. దాని తర్వాత పక్కలనుంచి రంధ్రాలు తొలిచి, అనవసరమైన నోళ్ళు మరలతోనో టంకంతోనో మూసి, పాములా మెలికలు తిరిగే దారి చేశారు. అమెరికాలో డేంజర్ డెన్ అనే చిన్న సంస్థ మేజ్ అన్న పేరుతో వరుసగా అమ్మిన బ్లాకులు ఈ మెలికల కాలువకు మంచి మెరుగులు దిద్దినవే. నీరు ఇప్పుడు తప్పించుకోలేదు, లోహమంతా చుట్టిరావాలి. అది నిజంగా ముందడుగే. అయితే వెడల్పాటి కాలువలో గట్టు పొర అప్పటికే బలిసిపోయి, చిప్పు నెత్తి మీదికి వచ్చేసరికి నీరు మందమైన దుప్పటి కప్పుకుని వచ్చినట్టుండేది. అన్నిటికన్నా పలచని పొర ఉండే తూము నోరేమో, ఏ వేడీ లేని మూలన వృథా అయ్యేది.

తూమును మూల నుంచి నడిమధ్యకు, చిప్పు నెత్తి మీదికి జరపడమే ఇంటి పనివాళ్ళు చేసిన పెద్ద పని. దాంతో కొత్త చిక్కు వచ్చింది. నడిమధ్యన దిగిన నీరు రెండు వైపులా పోతుంది కదా, మరి బయటికి తీసేది ఎటునుంచి? ఒక వైపే తీస్తే రెండో వైపు నీరు మొరాయిస్తుంది. అందుకే మూడు ముక్కుల బ్లాకులు వచ్చాయి: ఒకటి లోపలికి, రెండు బయటికి, ఆ రెండింటినీ కలిపే జోడు గొట్టం ఒకటి. చూడటానికి ఇరుకు, బిగించటానికి చిరాకు. అయినా కొన్నేళ్ళు జనం ఇష్టంగానే భరించారు.

ఇక తూము కొలత. బోరు మోటారు కొనే రైతు అడిగే హెడ్ లెక్క ఇక్కడ మిల్లీమీటర్లలో ఎదురవుతుంది. నిమిషానికి 6 లీటర్లు పారించాలనుకుందాం. అర అంగుళం గొట్టంలో ఆ నీరు సెకనుకు 80 సెంటీమీటర్ల వేగంతో నెమ్మదిగా వస్తుంది. దాన్ని 20 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు ఉన్న చీలిక గుండా దింపితే వేగం సెకనుకు 5 మీటర్లవుతుంది. అంత వేగం పుట్టించడానికే 1.27 మీటర్ల నీటి ఎత్తు ఖర్చు. ఆ రోజుల్లో చాలామంది వాడిన ఎహైమ్ 1250 పంపు ఎత్తగలిగింది మహా అయితే 2 మీటర్లు, అదీ నీరు అసలు పారనప్పుడు. మిగిలిన కాస్త బలంతోనే రేడియేటర్‌నూ గొట్టాలనూ దాటాలి. చీలికను అర మిల్లీమీటరుకు తగ్గిస్తే వేగం 10 మీటర్లు కావాలి, అందుకు 5 మీటర్లకు పైగా ఎత్తు కావాలి. ఆ పంపు చేతులెత్తేస్తుంది. 2 మి.మీ. చేస్తే 32 సెంటీమీటర్లతో పని అయిపోతుంది, కానీ ధారలో పస ఉండదు. పంపు ఎంత బలానికి ఎంత నీరిస్తుందో కాగితం మీద గీసుకుని, తూము అడిగేదీ పంపు ఇవ్వగలిగేదీ కలిసే చోటు వెతుక్కోవాలి. ఏ ఇంజనీరింగ్ కళాశాల మెట్లూ ఎక్కని కుర్రాళ్ళు ఎందరో ఈ లెక్కను ఇలాగే, ఒక చీలిక పెద్దదై పాడైపోయిన రాగి దిమ్మ ఖరీదుతో నేర్చుకున్నారు.

పరీక్షించే పద్ధతులూ అంత నిజాయతీగా ఉండేవి. బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి ప్రవాహం లెక్కగట్టేవారు. నిలువుగా కట్టిన పారదర్శక గొట్టంలో నీరు ఎంత ఎత్తు ఎక్కిందో చూసి ఒత్తిడి కొలిచేవారు. మదర్‌బోర్డు చూపించే ఉష్ణోగ్రతను నమ్మలేక, కొందరు చిప్పుకు బదులు అంతే కొలత ఉన్న రాగి కడ్డీ చెక్కి, కింద హీటర్ బిగించి, కచ్చితమైన వాట్లు పోసి కొలిచారు. వాళ్ళు పట్టిక వేసి చూపించాక, అందంగా కనబడే బ్లాకులు కొన్ని చతికిలబడ్డాయి.

2003లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక ఔత్సాహికుడు తన ఇంటి బల్ల మీద పుట్టించిన వైట్ వాటర్ అనే బ్లాకు ఈ కథలో నా దృష్టిలో శిఖరం. చిప్పు నెత్తి మీద సన్నని చీలిక, దాని కింద దగ్గరదగ్గరగా కోసిన సన్న కాలువలు, రెండు వైపులా బయటి దారులు. టకర్‌మన్ కాలువ, హార్‌పోల్ నడిమి తూము రాగిలోకి, చేపల తొట్టె పంపు శక్తికి తగిన కొలతలోకి దిగివచ్చాయి. ప్రయోగశాల రసాయనాలతో సిలికాన్‌లో చేసినదాన్ని ఇక్కడ మిల్లింగ్ రంపం రాగిలో చేసింది. మిల్లింగ్ మెషీన్ లేనివాళ్ళకు హ్యాక్సా ఉండనే ఉంది. దాని బ్లేడు కోత కూడా ఇంచుమించు 1 మిల్లీమీటరే, ఓపికుంటే చక్కని కాలువలే పడతాయి. అదే మనిషి తర్వాత చీలిక వదిలి ధారల వైపు వెళ్ళాడు. రాగిలో చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలు తొలిచి, ఒక్కో గుంటలోకి ఒక్కో సన్న ధార దూకేలా చేశాడు. ఈ వరుసలోని స్టార్మ్ అనే బ్లాకును కాలిఫోర్నియాలోని స్విఫ్‌టెక్ సంస్థ 2005లో అమ్మకానికి తెచ్చింది. ధారల దారి చూసి మోజుపడి ఇంట్లో ప్రయత్నించినవాళ్ళకు మాత్రం కష్టం తప్పలేదు. రాగి మెత్తటి లోహం, బంకగా పట్టుకుంటుంది. మిల్లీమీటరు బిట్టు రెండో రంధ్రంలోనో మూడో రంధ్రంలోనో పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది.

డేంజర్ డెన్ ఆర్‌బీఎక్స్ అనే బ్లాకుతో తూమునే మార్చుకునే వీలిచ్చింది. వేర్వేరు రంధ్రాలున్న పలకలు కొనుక్కుని, పంపు బలాన్ని బట్టి ఏది నప్పితే అది వేసుకోవచ్చు. ఒకే తూము అందరికీ సరిపోదన్న సంగతిని అమ్మే సంస్థే ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి, ఆ ఒప్పుకోలు గౌరవించదగ్గది. ఈలోగా లేయింగ్ డీ5 లాంటి 12 వోల్టుల పంపులు వచ్చాయి. నాలుగు మీటర్ల దగ్గర ఎత్తే బలం చేతికందడంతో తూములు ఇంకా సన్నబడ్డాయి. స్లొవేనియాలో ఎడ్వర్డ్ కోనిగ్ తన పేరులోని రెండక్షరాలతో మొదలుపెట్టిన ఈకే లాంటి సంస్థలు అర మిల్లీమీటరుకు తక్కువ సందులున్న కాలువలను మామూలు సరుకు చేశాయి. రాగి మీద పదునైన పనిముట్టును నడిపి పలచని రేకులను ఒకదాని వెనక ఒకటి లేపి నిలబెట్టే పద్ధతి ఫ్యాక్టరీల్లోకి వచ్చాక, రంపంతో పోటీపడే అవకాశం ఇంటి పనివాడికి పోయింది.

డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో 2000లో పుట్టిన ఆసెటెక్ పంపునూ బ్లాకునూ ఒకే డబ్బాలో పెట్టి, గొట్టాలు, రేడియేటర్ కలిపి ఫ్యాక్టరీలోనే నీళ్ళు నింపి మూసేసింది. 2009లో కోర్సెయిర్ హెచ్50 పేరుతో అది మామూలు దుకాణాల్లోకి వచ్చింది. కొన్నవాడు తూము మొహం చూడాల్సిన పని లేదు. చూడకపోయినా దాని విలువ తగ్గలేదు. ఆసెటెక్, కెనడాకు చెందిన కూల్‌ఐటీ సంస్థలు పేటెంట్ల మీద కోర్టులకెక్కినప్పుడు, నీరు నడిమధ్యన దిగి రెండుగా చీలే పద్ధతి కూడా ఆ తగాదాలో ఒక వస్తువైంది.

అందరూ తూమును నడిమధ్యన స్థిరపరచుకున్నాక చిప్పే జరిగిపోయింది. 2019లో వచ్చిన ఏఎండీ రైజెన్ 3000 వరుసలో లెక్కలు చేసే సిలికాన్ ముక్క మూత కింద నడిమధ్యన లేదు, ఒక వైపుకు ఉంది. నడిమి తూము ఇప్పుడు తక్కువ వేడి చోట పడుతోంది. కొందరు బ్లాకును 90 డిగ్రీలు తిప్పి బిగించి చూశారు. బ్లాకును కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపే బిగింపులు అమ్మకానికి వచ్చాయి. మరుసటి ఏడాదే స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో మెట్టెక్కారు. చిప్పునూ కాలువలనూ ఒకేసారి, ఒకే సిలికాన్‌లో గీసి, నీరు అనేక చోట్ల దిగి అనేక చోట్ల బయటపడేలా చేసి, చదరపు సెంటీమీటరుకు 1,700 వాట్లకు పైగా తీసేయవచ్చని చూపించారు.

ఇంత సన్న కాలువలతో ఇంటి బల్ల మీద మిగిలే బాధ ఒకటుంది, పూడిక. మెత్తటి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి నెమ్మదిగా ఊరే తెల్లటి జిగురు, రేడియేటర్ తయారీలో మిగిలిన టంకం పొడి, రంగునీళ్ళ మడ్డి అన్నీ వచ్చి ఇరుక్కునేది అక్కడే. 1 మిల్లీమీటరు కాలువలున్న పాత బ్లాకులు ఇలాంటివి చాలావరకు బయటికి పోనిచ్చేవి. కొత్తవి వదలవు. చిప్పు వేడి కొన్ని నెలలుగా మెల్లమెల్లగా ఎక్కుతోందని గమనించినవాళ్ళు నీళ్ళు వంపేసి, మరలు విప్పి, పై పలక తీస్తారు. రాగి రేకుల మీద ఆ మడ్డి ఒక సన్నని గీతగా, సరిగ్గా తూము పొడవునా, తూము వెడల్పునా పేరుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రేకుల వాలునే తోమి, శుద్ధిచేసిన నీటితో కడిగి, ఓ-రింగ్ మెలిపడకుండా గాడిలో సర్ది మళ్ళీ బిగిస్తారు.